పంట బీమా లేని రైతుకు సర్కారు సాయం: పొలం దగ్గర ఫొటో నుంచి ఖాతాలో డబ్బు దాకా

రాళ్లవాన పడ్డా, వాగు పొంగినా మా వరంగల్ వైపు రైతులు అడిగేది ఒకటే: "దరఖాస్తు ఎక్కడ పెట్టాలి?" పంట నష్టానికి మీసేవలో నింపే ఫారం కన్నా ముఖ్యమైనది సర్వే. వ్యవసాయ శాఖ వాళ్లు పొలానికి వచ్చి చూసి రాసుకున్న జాబితాలో మీ పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, ఖాతా నంబరు సరిగ్గా ఉంటేనే డబ్బు వస్తుంది. దరఖాస్తు రాసేది కూడా ఆ జాబితాలోకి ఎక్కడానికే.

తెలంగాణలో 2020 వానాకాలం నుంచి ప్రధానమంత్రి ఫసల్ బీమా ఆగిపోయింది. మళ్లీ చేరతామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించింది. బీమా లేని సీజన్‌లో పంట పోతే రైతుకు మిగిలేది విపత్తు నిధి నుంచి ఇచ్చే సాయమే. ప్రభుత్వ కాగితాల్లో దీని పేరు ఇన్‌పుట్ సబ్సిడీ. పంట విలువ మొత్తం ఇవ్వరు. మళ్లీ విత్తనం, ఎరువు కొనుక్కోవడానికి ఇచ్చే సాయం ఇది. ఈ సంగతి ముందే తెలిస్తే ఎంత వస్తుందో సరిగ్గా అంచనా వేసుకోవచ్చు.

ఇంకో ముఖ్యమైన మాట. రైతుబీమా అంటే జీవిత బీమా. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు వచ్చే పథకం అది. "నాకు రైతుబీమా ఉంది కదా, పంట పోయినా వస్తది" అనుకుని సర్వే రోజు ఇంట్లో కూర్చున్నవాళ్లు ఉన్నారు. పంటకూ దానికీ సంబంధం లేదు.

## 1. దేనికి ఎంత ఇస్తారు

కేంద్రం 2022–26 కాలానికి పెట్టిన విపత్తు సాయం నిబంధనల్లో రేట్లు ఇలా ఉన్నాయి. పంట 33 శాతం, అంతకు మించి దెబ్బతింటేనే ఇవి వర్తిస్తాయి. ఒక రైతుకు 2 హెక్టార్ల వరకే, అంటే దాదాపు 5 ఎకరాల వరకే ఇస్తారు.

- వర్షాధార పంట: హెక్టారుకు 8,500 రూపాయలు (ఎకరాకు సుమారు 3,440)
- నీటి వసతి ఉన్న పంట: హెక్టారుకు 17,000 (ఎకరాకు సుమారు 6,880)
- మామిడి లాంటి బహువార్షిక తోటలు: హెక్టారుకు 22,500 (ఎకరాకు సుమారు 9,100)

రాష్ట్ర ప్రభుత్వం ఇంతకన్నా ఎక్కువ ఇవ్వొచ్చు, ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2023 మార్చి వడగళ్ల వానల తర్వాత ఎకరాకు 10,000 చొప్పున 228 కోట్లు ప్రకటించారు. 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాలను ముంచిన వరదలకు, 2025 అక్టోబరులో వరంగల్, హనుమకొండను ముంచిన మొంథా తుఫానుకు కూడా ఎకరాకు 10,000 అన్నారు. అయితే ఇది ఏటా దానంతట అదే వచ్చే హక్కు కాదు. ప్రతి విపత్తుకూ ప్రభుత్వం విడిగా నిర్ణయం తీసుకోవాలి, విడిగా ఉత్తర్వు రావాలి.

ఎకరాకు 10,000 అంటే గుంటకు 250. మీకు ఎకరం 30 గుంటల మక్క ఉండి, అందులో ఎకరం 5 గుంటలు దెబ్బతింటే 45 గుంటలకు 11,250 వస్తుంది. అదే పొలానికి కేంద్రం రేటు మాత్రమే ఇస్తే, నీటి వసతి ఉందని రాసినా దాదాపు 7,740 వస్తుంది. బోరు కింద పారే పొలాన్ని వర్షాధారం అని రాస్తే అందులో సగమే. సర్వే కాగితంలో ఈ ఒక్క గడిని తప్పకుండా చూసుకోండి.

ఈ సాయం కిందికి రానివి:

- కోసి కల్లంలో పోసిన వడ్లు తడిస్తే సాధారణంగా పంట నష్టం సర్వేలో రాయరు. చేలో నిలబడి ఉన్న పంటనే చూస్తారు. తడిసిన ధాన్యం సంగతి కొనుగోలు కేంద్రంలో, తహసీల్దారు దగ్గర తేల్చుకోవాలి.
- అడవి పందుల్లాంటి అడవి జంతువులు పాడుచేసిన పంటకు అటవీ శాఖకు దరఖాస్తు ఇవ్వాలి.
- వరదలో కొట్టుకుపోయిన మోటరు, పైపులు పంట లెక్కలోకి రావు. వాటి కోసం తహసీల్దారుకు వేరే అర్జీ రాసి ఇవ్వండి.

## 2. నష్టం రాకముందే సరిచేసుకోవాల్సినవి

అసలు తేడా ఇక్కడే వస్తుంది. వాన పడ్డాక పరిగెత్తేవాళ్లలో చాలామందికి ఇబ్బంది నష్టం రుజువు చేయడంలో రాదు, రికార్డులో వస్తుంది.

పంట నమోదు. ప్రతి సీజన్‌లో ఏఈఓ, అంటే వ్యవసాయ విస్తరణ అధికారి, ఏ సర్వే నంబరులో ఏ పంట ఎన్ని ఎకరాలు వేశారో నమోదు చేస్తారు. పోయిన వానాకాలం పత్తి వేసి ఈసారి మక్క వేస్తే, రికార్డులో ఇంకా పత్తే ఉండిపోవచ్చు. నష్టం సర్వేలో ఆ రికార్డుతో పోల్చి చూసినప్పుడు తేడా వస్తుంది. విత్తిన నెలలోపే రైతు వేదికకు (ఏఈఓ కూర్చునే భవనం) వెళ్లి, "మేడం, నా సర్వే నంబర్ల మీద ఏం పంట రాసిన్రో ఒకసారి చూపియ్యండి" అని అడగండి. తప్పుంటే అక్కడే మార్పించుకోండి. మీ ఊరు ఏ క్లస్టరు (ఒక ఏఈఓ చూసే పరిధి) కిందికి వస్తుందో, ఏఈఓ ఫోన్ నంబరేంటో ఇంట్లో అందరికీ తెలియాలి.

రెండు పంటలు కలిపి వేసినప్పుడు, మధ్యలో కొంత బీడు ఉంచినప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పాసుపుస్తకంలో 3 ఎకరాలు ఉన్నంత మాత్రాన 3 ఎకరాల పంట ఉన్నట్టు కాదు. సాగు చేసిన విస్తీర్ణమే లెక్క.

భూమి కాగితం. పాసుపుస్తకంలో, భూభారతి (సర్కారు భూ రికార్డుల పోర్టల్) రికార్డులో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. ఇంటి పేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనుక ఉండటం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ డబ్బు వేసే దగ్గర ఇబ్బంది పెడుతుంది.

బ్యాంకు ఖాతా. ఆధార్‌తో జత అయిన ఖాతా ఏదో కచ్చితంగా తెలుసుకోండి. రెండు మూడు ఖాతాలు ఉన్నవాళ్లకు డబ్బు ఒక ఖాతాలో పడుతుంటే, వాళ్లు ఇంకో ఖాతా పాసుబుక్కు ఎంట్రీ కొట్టించుకుని "రాలేదు" అనుకుంటారు. రెండేళ్లుగా లావాదేవీ లేని ఖాతా స్తంభించిపోతుంది, దాన్ని కేవైసీ ఇచ్చి తెరిపించుకోవాలి.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. వరంగల్ ఉమ్మడి జిల్లా పల్లెల్లో ఆ బ్యాంకు ఖాతాలే ఎక్కువ. పాత పాసుబుక్కు జిరాక్సు ఇచ్చే ముందు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఇప్పుడు చెల్లుతాయో లేదో బ్రాంచిలో అడిగి, కొత్త పాసుబుక్కు తీసుకోండి.

ఇంట్లో ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకోవాల్సినవి:

- పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ, అన్నీ రెండేసి జిరాక్సులు
- రైతు రిజిస్ట్రీలో ఇచ్చిన 11 అంకెల గుర్తింపు సంఖ్య
- విత్తనాలు, ఎరువులు కొన్న బిల్లులు
- పశువులకు చెవి పోగు ఉంటే దాని మీద ఉన్న 12 అంకెల నంబరు
- కౌలు ఒప్పందం ఉంటే దాని నకలు

విత్తనం బిల్లు ఎందుకంటే, అది పంట ఏదో, ఎప్పుడు వేశారో చెప్పే కాగితం. పంట నమోదులో తప్పు పడినప్పుడు చేతిలో ఉండే రుజువు అదే.

## 3. మొదటి రెండు రోజులు

ముందు మనిషి, పశువు క్షేమం. వాగు దిగకముందే పొలానికి పోవద్దు. తెగిన కరెంటు తీగలు నీళ్లలో ఉంటాయి. ఫొటో ఒక పూట ఆలస్యమైనా ఏమీ కాదు.

ఏఈఓకు ఫోన్ చేయండి. విపత్తు తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే మండలం నుంచి పైకి ప్రాథమిక అంచనా పోతుంది. మీ ఊరి పేరే అందులో లేకపోతే తర్వాత సర్వే బృందం మీ ఊరికి రావడానికి చాలా తిప్పలు పడాలి. ఫోన్ ఎత్తకపోతే ఇంత మాత్రం మెసేజ్ పెట్టండి: పేరు, ఊరు, సర్వే నంబరు, పంట, ఎన్ని ఎకరాలు, ఏ రోజు ఎన్ని గంటలకు ఏం జరిగింది. మెసేజ్ పెట్టిన తేదీ తర్వాత పనికొస్తుంది.

ఫొటోలు. ఫొటో మీద తేదీ, సమయం, లొకేషన్ పడే జీపీఎస్ కెమెరా యాప్ ఒకటి ఫోన్‌లో వేసుకోండి. తర్వాత ఇలా తీయండి:

- పొలం నాలుగు మూలల నుంచి దూరం ఫొటో. అందులో మీ బాయి, ట్రాన్స్‌ఫార్మర్, గుట్ట, పెద్ద వేపచెట్టు లాంటి గుర్తు ఏదో ఒకటి కనిపించాలి.
- దెబ్బతిన్న మొక్కలు దగ్గర నుంచి: విరిగిన మక్క కర్ర, రాలిన వడ్ల గింజ, మురిగిన పత్తి కాయ.
- నీళ్లు నిలిస్తే ఎంత లోతు ఉందో తెలిసేలా కట్టె పెట్టి.
- పాసుపుస్తకం పట్టుకుని పొలంలో రైతు నిలబడిన ఫొటో.
- గెట్టు చుట్టూ తిరుగుతూ ఒక నిమిషం వీడియో. ఊరు, సర్వే నంబరు, తేదీ నోటితో చెబుతూ తీయండి.

అసలు ఫొటోలు ఫోన్‌లోనే ఉంచండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో లోపల ఉండే తేదీ, లొకేషన్ వివరాలు పోతాయి. ఫొటో మీదే అచ్చుపడిన వివరాలు మాత్రం మిగులుతాయి. ఆ యాప్ వేసుకోమన్నది అందుకే.

నీళ్లు తీసేయండి, దున్నొద్దు. సర్వే వచ్చేదాకా చేను ముట్టుకోవద్దని కొందరు నిలిచిన నీళ్లు కూడా అలాగే ఉంచుతారు. అది తప్పు. పత్తిలో, మిర్చిలో నీళ్లు ఉన్నకొద్దీ వేర్లు ఊపిరాడక మిగిలిన మొక్కలూ పోతాయి. ఫొటో తీసిన వెంటనే కాలువ కొట్టి నీళ్లు వదలండి, పడిపోయిన వరిని లేపి కట్టగలిగితే కట్టండి. పంటను కాపాడుకున్నంత మాత్రాన సర్వేలో పేరు పోదు. ట్రాక్టరు పెట్టి దున్నితే మాత్రం చూపించడానికి ఏమీ మిగలదు. అదును పోతుందని మళ్లీ విత్తక తప్పని పరిస్థితి అయితే ఏఈఓకు చెప్పి, పొలం మధ్యలో నాలుగు సాళ్లు దున్నకుండా వదిలేయండి.

మామిడి తోటలో రాలిన కాయలు ఏరి అమ్ముకునే ముందు, ఐదారు చెట్ల కింద అలాగే ఉంచి ఫొటో తీయండి.

## 4. 33 శాతం లెక్క మీరే ముందు వేసుకోండి

సర్వేలో ఎక్కువమంది పేర్లు పోయేది ఇక్కడే. 2024 సెప్టెంబరు వరదల తర్వాత ప్రాథమిక అంచనా 4 లక్షల ఎకరాలు దాటింది. పొలం పొలం తిరిగి లెక్క కట్టాక సాయం అందింది 80 వేల ఎకరాల లోపే. నీళ్లు దిగాక కొంత పంట తేరుకోవడం, నష్టం 33 శాతానికి తక్కువ అని తేల్చడం లాంటివి ఈ తేడాకు కారణాలు. అందుకే అధికారి కళ్లతో ఒక చూపు చూసి చెప్పే శాతానికి వదిలేయకుండా, మీ చేతిలో ఒక లెక్క ఉండాలి.

మక్కకు ఇలా చేయండి. పొలంలో నాలుగు చోట్లు ఎంచుకోండి. బాగా దెబ్బతిన్నవి మాత్రమే ఏరి కాకుండా, ఒకటి గెట్టు దగ్గర, రెండు మధ్యలో, ఒకటి అవతలి మూలన. ప్రతి చోటా ఒక సాలులో వరుసగా 50 మొక్కలు లెక్కపెట్టండి. కంకికి కింద విరిగినవి, వేరుతో సహా పెకిలినవి విడిగా రాసుకోండి. మొత్తం 200 మొక్కల్లో 66 పోతే 33 శాతం. కొద్దిగా వంగిన మొక్కలు, అందులోనూ లేత పంట, నాలుగు రోజుల్లో నిలబడే అవకాశం ఉంది. వాటిని కలపొద్దు. కలిపితే అధికారి మీ మొత్తం లెక్కనే నమ్మరు.

వరిలో పడిపోవడం ఒకటి, పోవడం ఒకటి. పాలు పోసుకునే దశలో పడితే గింజ తాలు పోతుంది. కోతకొచ్చిన పంట మీద రాళ్లవాన పడితే కర్ర నిలబడే ఉంటుంది కానీ కంకిలో గింజ ఉండదు. దూరం నుంచి చూసినవాళ్లకు పొలం బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అలాంటప్పుడు అధికారి గెట్టు మీద నుంచే వెళ్లిపోకుండా లోపలికి తీసుకెళ్లి కంకి చేతికివ్వండి. గింజ రాలిన చోట ఖాళీ తొడిమెలు కనిపిస్తాయి, కింద బురదలో గింజలు పరుచుకుని ఉంటాయి. నాలుగు చోట్ల పదేసి కంకులు తీసి, ఒక్కో కంకిలో మిగిలినవెన్ని, రాలినవెన్ని అని రాసుకుంటే చాలు.

పత్తిలో 20 చెట్ల మీద మంచి కాయలు, మురిగిన కాయలు వేరువేరుగా లెక్కపెట్టండి. మామిడిలో ఐదు చెట్లకు రాలినవి, చెట్టు మీద మిగిలినవి లెక్కించండి. రాళ్ల దెబ్బకు మచ్చపడి చెట్టు మీదే ఉన్న కాయలు తర్వాత కుళ్లుతాయి కాబట్టి వాటిని విడిగా రాయండి.

పొలం అంతా కాకుండా ఒక మూల మాత్రమే దెబ్బతింటే, ఆ మూల ఎన్ని గుంటలో అడుగులతో కొలిచి చెప్పండి. "మొత్తం పోయింది సార్" అనడం కన్నా "ఈ పక్క 25 గుంటలు పోయింది" అంటే నమోదు సులువుగా అవుతుంది.

ఈ లెక్కలకు చట్టబద్ధత లేదు, తుది మాట అధికారులదే. కానీ తేదీ వేసి, పక్క పొలం రైతు సంతకంతో ఉన్న కాగితం చేతిలో ఉంటే మాట తేలికగా తీసిపారేయలేరు.

## 5. సర్వే రోజు

సర్వేకు ఏఈఓ వస్తారు, రెవెన్యూ వాళ్లు కూడా కలుస్తారు. మామిడి, మిర్చి లాంటి పంటలైతే ఉద్యాన అధికారి కూడా రావచ్చు. ఒక క్లస్టరులో వేల ఎకరాలు ఒక్కరే చూసుకోవాలి కాబట్టి వాళ్లు హడావుడిలో ఉంటారు. రైతు పొలంలో లేకపోతే ఆ పొలం దాటిపోవడం ఖాయం. మీరు ఊళ్లో లేకపోతే తమ్ముడినో, కొడుకునో, పక్క రైతునో కాగితాలతో నిలబెట్టండి.

సర్వే వాళ్లు వెళ్లేముందు నోట్ చేసుకున్నది చదివి వినిపించమనండి. ఇవి సరిచూసుకోండి:

- సర్వే నంబరు, దాని ఉపసంఖ్య (124 వేరు, 124/ఆ వేరు)
- పంట పేరు
- నీటి వసతి ఉందా, వర్షాధారమా
- సాగు విస్తీర్ణం, నష్టపోయిన విస్తీర్ణం, రెండూ ఎకరాలు గుంటల్లో
- నష్ట శాతం
- ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, ఆధార్ చివరి అంకెలు

విస్తీర్ణం దగ్గర ఒక తప్పు మాటిమాటికీ జరుగుతుంది. 1 ఎకరం 20 గుంటలను 1.20 అని రాస్తాం. కంప్యూటరులో దాన్ని దశాంశంగా తీసుకుంటే ఎకరం 8 గుంటలే అవుతుంది. అసలు 1.50 అని ఉండాలి. ఎలా ఎక్కించారో అడగండి.

## 6. పశువులు, గొర్రెలు, కోళ్లు

2023 జులైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచినప్పుడు కట్టేసిన పశువులు కట్టుకొయ్యల దగ్గరే చనిపోయాయి. అలాంటి చోట ముందు చేయాల్సిన పని కళేబరాలను పూడ్చే ముందే పశువైద్యుడిని పిలవడం. వాసన, రోగాల భయంతో వెంటనే పూడ్చేస్తే పోస్టుమార్టం కాగితం రాదు, ఆ కాగితం లేకుండా సాయం రావడం చాలా కష్టం.

వరుస ఇది:

1. మండల పశువైద్యాధికారికి ఫోన్ చేయండి. దొరకకపోతే 1962కు చేయండి.
2. చెవి పోగు నంబరు కనిపించేలా, పశువు మొత్తం కనిపించేలా, కట్టేసిన చోటు కనిపించేలా ఫొటోలు తీయండి.
3. పోస్టుమార్టం చేయించి, మరణ కారణం రాసిన ధ్రువపత్రం తీసుకోండి.
4. పంచాయతీ కార్యదర్శి, ఇద్దరు ముగ్గురు ఊరివాళ్ల సంతకాలతో పంచనామా రాయించండి.
5. ఈ రెండింటితో తహసీల్దారుకు అర్జీ ఇచ్చి, రశీదు తీసుకోండి.

వరదలో కొట్టుకుపోయి కళేబరం దొరకని పశువులకు పంచనామానే ఆధారం. పాల కేంద్రంలో పాలు పోసిన రికార్డు, టీకాలు వేసినప్పుడు నమోదైన చెవి పోగు నంబరు ఉంటే జతచేయండి. మందలో ఎన్ని గొర్రెలు ఉండేవో చెప్పడానికి గొర్రెల పెంపకందారుల సొసైటీ కాగితం పనికొస్తుంది.

కేంద్ర నిబంధనల్లో పాడి బర్రె, ఆవుకు 37,500, ఎద్దుకు 32,000, దూడకు 20,000, గొర్రె, మేకకు 4,000, కోడికి 100 రూపాయలు. ఇంటికి పెద్ద పాడి పశువులైతే మూడింటికి, గొర్రెలు మేకలైతే 30కి, కోళ్లకు మొత్తం 10,000కు మించదు. 2024 వరదల్లో రాష్ట్రం పెద్ద పశువుకు 50,000, గొర్రె, మేకకు 5,000 ఇస్తామంది. పశువుకు బీమా ఉంటే ముందు బీమా కంపెనీకి తెలియజేయాలి, చెవి పోగును భద్రంగా ఉంచాలి.

కరెంటు తీగ తెగి పశువు చనిపోతే అది విద్యుత్ సంస్థ పరిధి. పోస్టుమార్టం, పంచనామా అవే. అర్జీ మాత్రం ఎన్‌పీడీసీఎల్ (మన వైపు కరెంటు సంస్థ) స్థానిక ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజినీరుకు ఇవ్వాలి.

## 7. ఇసుక మేటలు, కోసుకుపోయిన భూమి

ఆకేరు, మున్నేరు, జంపన్నవాగు ఒడ్డు రైతులకు పంట నష్టం కన్నా ఇది పెద్దది. పంట సాయానికీ దీనికీ వేరువేరు పద్దులు. సర్వేలో పంట రాశారు కదా అని ఊరుకుంటే మేటల సంగతి మరుగున పడుతుంది, విడిగా అడగాలి.

కేంద్ర నిబంధనల్లో, 3 అంగుళాల కన్నా మందంగా ఇసుక, ఒండ్రు మేట వేస్తే తీయించడానికి హెక్టారుకు 18,000 రూపాయలు. వాగు దారి మార్చుకుని భూమే కొట్టుకుపోతే హెక్టారుకు 47,000. రెండూ చిన్న, సన్నకారు రైతులకే. మేట తీయకముందే పది పన్నెండు చోట్ల గుంత తీసి, స్కేలు పెట్టి మందం ఫొటో తీయండి. ఇసుక ఎవరికో అమ్మేసి ఖాళీ చేసుకుంటే తర్వాత కొలవడానికి ఉండదు.

## 8. కౌలు, పోడు, వారసుల పేరు మీద మారని భూములు

కౌలు రైతుకే ఎక్కువ అన్యాయం జరుగుతుంది. పెట్టుబడి, చెమట అతనివి, రికార్డు మాత్రం పట్టాదారుది. 2023లో సాయం ప్రకటించినప్పుడు కౌలు రైతులకూ అందేలా చూస్తామని ప్రభుత్వం చెప్పింది. కానీ పొలం దగ్గర సర్వే కాగితంలో పేరు పడకపోతే ఆ మాట అక్కరకు రాదు. కాబట్టి సీజను మొదట్లోనే తెల్ల కాగితం మీదైనా ఒప్పందం రాసుకుని, పట్టాదారుతో కలిసి ఏఈఓ దగ్గరికి వెళ్లి సాగు చేస్తున్నది ఎవరో చెప్పండి. సర్వే రోజు పట్టాదారు ఒక్క ఫోన్ కాల్ మీద "అవును, పంట ఆయనదే" అంటే సగం పని అయిపోతుంది. డబ్బు పట్టాదారు ఖాతాలో పడితే కౌలు రైతుకు ఎంత ఇవ్వాలో కూడా ఒప్పందంలోనే రాసుకోండి. పట్టాదారు అన్నలకూ ఒక మాట: పంట మీది కానప్పుడు ఆ డబ్బూ మీది కాదు.

పోడు పట్టా ఉన్నవాళ్లు అటవీ హక్కుల పత్రం జిరాక్సు ఇవ్వండి. పంట నమోదులో ఆ భూమి ఎక్కిందో లేదో ముందే చూసుకోండి.

నాయన చనిపోయి ఏళ్లైనా పట్టా ఆయన పేరు మీదే ఉంటే డబ్బు ఎవరి ఖాతాకూ పోదు. వారసత్వ మార్పిడికి భూభారతిలో దరఖాస్తు చేయండి. ఈలోపు నష్టం వస్తే మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకార పత్రంతో తహసీల్దారుకు అర్జీ ఇవ్వండి.

## 9. జాబితాలో పేరు లేకపోతే

సర్వే అయిన వారం పది రోజుల్లో జాబితా గ్రామ పంచాయతీ దగ్గర, రైతు వేదికలో పెట్టించమని సర్పంచినో, కార్యదర్శినో అడగండి. జిల్లాకు పోకముందే తప్పు పట్టుకుంటే దిద్దడం సులువు. కలెక్టరేటు దాటి హైదరాబాదు పోయాక ఒక అక్షరం మార్చాలన్నా నెలలు పడుతుంది.

పేరు లేకుంటే మండల వ్యవసాయ అధికారికి ఇలా రాయండి:

> మండల వ్యవసాయ అధికారి గారికి,
> ______ మండలం.
>
> విషయం: పంట నష్టం జాబితాలో నా పేరు చేర్చవలసిందిగా వినతి.
>
> అయ్యా/అమ్మా,
> ______ గ్రామం సర్వే నం. ______లో నేను ___ ఎకరాల ___ గుంటల్లో ______ పంట సాగు చేశాను. తేదీ ______న కురిసిన రాళ్లవానకు ___ ఎకరాల ___ గుంటల పంట 33 శాతానికి మించి దెబ్బతిన్నది. ఏఈఓ గారికి తేదీ ______న ఫోన్ ద్వారా తెలియజేశాను. జాబితాలో నా పేరు లేదు. పొలాన్ని తిరిగి పరిశీలించి నమోదు చేయగలరని మనవి.
>
> జతచేసినవి: పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు నకళ్లు, ఫొటోలు, విత్తన బిల్లు.

రెండు కాపీలు రాసి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. "ఇచ్చి పోండి, చూస్తాం" అంటే మర్యాదగానే, "సార్, అందినట్టు ఒక సంతకం పెట్టండి" అని అడగండి. ముద్ర లేని అర్జీ ఇవ్వనట్టే.

వారంలో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజావాణికి అదే అర్జీ, ముద్ర ఉన్న కాపీతో వెళ్లండి. ఒక్కరు కాకుండా అదే ఊళ్లో నష్టపోయిన పది మంది కలిసి వెళ్తే, సర్వే నంబర్లన్నీ ఒకే కాగితం మీద ఉంటే, పునఃపరిశీలనకు ఆదేశించడం అధికారికీ తేలిక.

ఎందుకు తీసేశారో ఎవరూ చెప్పకపోతే సమాచార హక్కు చట్టం వాడండి. "మా గ్రామ పంట నష్టం సర్వే జాబితా, నా సర్వే నంబరుకు నమోదైన నష్ట శాతం, తిరస్కరించి ఉంటే కారణం" అని మూడే ప్రశ్నలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. చాలాసార్లు ఈ కాగితం ఇచ్చిన తర్వాతే ఫైలు కదులుతుంది.

దళారులకు డబ్బులివ్వొద్దు. జాబితాలో పేరు ఎక్కించడానికి ఏ రుసుమూ లేదు. "డబ్బు పడింది, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి.

## 10. అందరికీ పడ్డాయి, నాకు పడలేదు

ఊళ్లో మిగతావాళ్లకు వచ్చి మీకు రాకపోతే ఈ వరుసలో చూడండి.

ముందు ఏఈఓ దగ్గర తుది జాబితాలో మీ పేరు, ఖాతా నంబరు సరిచూసుకోండి. ఉంటే, లావాదేవీ వెనక్కి వెళ్లిందా అని అడగండి. వెనక్కి వెళ్లినవాటి జాబితా విడిగా ఉంటుంది. తప్పు దిద్ది మళ్లీ పంపుతారు.

తర్వాత బ్యాంకుకు వెళ్లి ఆధార్ ఏ ఖాతాకు జత అయిందో కనుక్కోండి. మీరు మరిచిపోయిన ఇంకో బ్యాంకు ఖాతాలో పడి ఉండొచ్చు. ఖాతా స్తంభించి ఉంటే కేవైసీ ఇచ్చి తెరిపించి, ఆ సంగతి ఏఈఓకు రాసి ఇవ్వండి.

డబ్బు పడింది కానీ బ్యాంకు పంట రుణం కింద పట్టుకుంటే మేనేజరుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. ఇది విపత్తు సాయం అని, మళ్లీ విత్తనం కోసం ఇచ్చిందని స్పష్టంగా రాయండి. ఒక కాపీ జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరుకు, ఇంకోటి ప్రజావాణికి.

అదే సమయంలో బ్యాంకులో ఇంకో పని కూడా చేసుకోండి. మీ ప్రాంతాన్ని విపత్తు ప్రాంతంగా ప్రభుత్వం గుర్తిస్తే, పంట రుణం గడువు పొడిగించి వాయిదాలుగా మార్చే వెసులుబాటు రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది. ఇది అడగనివాళ్లకు బ్యాంకు తనంతట తాను చేసే సందర్భాలు తక్కువ. పంట నష్టం జాబితాలో మీ పేరున్న పేజీ జిరాక్సు జతచేసి, రుణం గడువు తేదీ దాటకముందే అర్జీ ఇవ్వండి. గడువు దాటాక కట్టకుండా అలాగే వదిలేస్తే బాకీ కొన్నాళ్లకు మొండి బకాయిల్లోకి పోవచ్చు, కొత్త రుణం దొరకడం కష్టమవుతుంది.